నాలుగు చక్రాల షాకబ్జార్బర్లు మార్పించాం: ఆ బిల్లును పద్దు పద్దుగా విప్పి చూస్తే

మా కారు 92,000 కిలోమీటర్లు తిరిగిన తరువాత ముందు చక్రాల స్ట్రట్లు (స్ప్రింగును కూడా మోసే షాకబ్జార్బర్లు) రెండూ, వెనుక చక్రాల షాకబ్జార్బర్లు రెండూ ఒకేసారి మార్పించాం. పని చేసిన వర్క్‌షాప్ మీద నాకు సదభిప్రాయమే ఉంది. ఒక లోపం జరిగింది, దాన్ని వారే సరిదిద్దారు. ఆ వివరాలు కిందికి వెళ్లేకొద్దీ చెబుతాను. అంతకంటే ముందు ఖర్చు సంగతి చెప్పాలి, ఎందుకంటే ఒకే పనికి మూడు చోట్ల ఎస్టిమేట్ అడిగితే మూడింటికీ పొంతన లేకుండా పోయింది. మేము చివరకు కట్టిన మొత్తాన్ని 100 అనుకుంటే, ఒకరు 170 చెప్పారు, ఇంకొకరు 60కే చేసిపెడతామన్నారు. మొదట్లో ఒకరు దోచుకుంటున్నారనీ, మరొకరు నాసిరకం సామాను వేస్తారనీ అనుకున్నాను. మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్క పద్దూ చదివాక తెలిసింది, ముగ్గురూ ధర చెప్పింది మూడు వేర్వేరు పనులకని.

మార్చవలసిన అవసరాన్ని మాకు ముందుగా పట్టి ఇచ్చినవి టైర్లు. కారు కడుగుతూ ముందు టైరు మీద అరచేయి ఆనించి చుట్టూ పోనిస్తే, బెత్తెడు బెత్తెడు దూరంలో ఒకచోట పల్లంగా, ఒకచోట ఎత్తుగా తగిలింది. గాలి ఎక్కువైతే టైరు నడుమ అరుగుతుంది, తక్కువైతే రెండు అంచులూ అరుగుతాయి, అలైన్‌మెంట్ తప్పితే ఒక పక్కే అరుగుతుంది. ఇలా మిట్టపల్లాలుగా అరిగిందంటే చక్రం నేలను అంటిపెట్టుకోకుండా ఎగిరెగిరి పడుతూ తిరుగుతోందన్నమాట. బ్యాలెన్సింగ్ తప్పినా ఇలాంటి అరుగుదల రావచ్చు కాబట్టి ముందు అది చూపించాం; బ్యాలెన్సింగ్ సరిగానే ఉంది. ఆ తరువాత గమనిస్తే మిగిలిన లక్షణాలన్నీ కనిపించాయి. బ్రేకు తొక్కగానే కారు ముక్కు నేలకు వంగుతోంది, స్పీడ్ బ్రేకర్ దాటిన తరువాత కూడా రెండు మూడు సార్లు ఊగుతోంది, మలుపులో ఒక పక్కకు ఒరుగుతోంది. ఇవన్నీ నెలల తరబడి మెల్లగా ముదిరేవి కావడంతో రోజూ నడిపేవారికి తెలియవు. చాలా రోజుల తరువాత మా కారు ఎక్కిన బంధువు ఒకరు పడవలో కూర్చున్నట్టుందని అన్నప్పుడు గాని మాకు పట్టలేదు.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. కారు మూలను చేతులతో నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో లెక్కపెట్టే పాత పరీక్షను నమ్ముకోవద్దు. పూర్తిగా పాడైన షాకబ్జార్బర్‌ను అది పట్టిస్తుంది. సగం బలహీనపడినదాన్ని పట్టించదు. మా కారులో కుడి పక్క ఆ పరీక్ష నెగ్గింది, విప్పి చూస్తే అదీ పోయే ఉంది. అలాగే షాకబ్జార్బర్ ఒంటి మీద నూనె తేమ కనిపించగానే భయపడి మార్పించవలసిన పని కూడా లేదు. షాకబ్జార్బర్ నూనె గొట్టంలోకి దూరే రాడ్డు పైకీ కిందికీ ఆడేటప్పుడు, నూనెను లోపలే ఆపే సీలుకు పలచని నూనె పూత అవసరం, అందులో కాస్త బయటికి వచ్చి పై భాగాన దుమ్ము పట్టడం మామూలే. తుడిచిన తరువాత మళ్లీ కారుతూ ఒళ్లంతా కింది దాకా తడిసిపోతే మాత్రం సీలు పోయినట్టే. మా ఎడమ ముందు స్ట్రట్ పరిస్థితి అదే.

ఎస్టిమేట్ కాగితం అర్థం కావాలంటే స్ట్రట్‌కూ మామూలు షాకబ్జార్బర్‌కూ తేడా తెలియాలి, ఖర్చులో తేడా అంతా అక్కడి నుంచే మొదలవుతుంది. కారు బరువును మోసేది స్ప్రింగు. గుంతలో పడి లేచిన స్ప్రింగు తనంతట తాను ఆగదు, ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపడానికి నూనె నింపిన గొట్టంలో చిన్న చిన్న రంధ్రాలూ కవాటాలూ ఉన్న పిస్టన్ ఆడుతుంది. నూనె ఆ ఇరుకు దారుల గుండా దూరలేక దూరుతూ ఊపులోని శక్తిని వేడిగా మారుస్తుంది. షాకబ్జార్బర్ చేసే పని ఇంతే. స్ట్రట్ ఈ పనితో పాటు మరో భారం కూడా మోస్తుంది. ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరు మీద ప్రసిద్ధమైన ఈ అమరిక 1950లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్ కారులో ఉంది, నేటికీ అత్యధిక చిన్న కార్ల ముందు చక్రాలకు ఇదే దిక్కు. ఇందులో స్ప్రింగు స్ట్రట్ మీదే కూర్చుంటుంది, చక్రాన్ని నిటారుగా నిలబెట్టేది కూడా స్ట్రటే, స్టీరింగ్ తిప్పినప్పుడు అది కూడా చక్రంతో పాటు తిరుగుతుంది. అందువల్ల దాని తల దగ్గర రబ్బరు మౌంట్, ఆ మౌంట్‌లో బేరింగ్ ఉంటాయి. మా కారు వెనుక భాగంలో స్ప్రింగు వేరు, షాకబ్జార్బర్ వేరు. పైన ఒక బోల్టు, కింద ఒక బోల్టు తీస్తే షాకబ్జార్బర్ చేతికి వస్తుంది. ముందు స్ట్రట్ రావాలంటే చక్రం, బ్రేకు గొట్టం క్లిప్పు, ఏబీఎస్ వైరు, స్టెబిలైజర్ లింక్ (మలుపులో కారు ఒరగకుండా చూసే కడ్డీని స్ట్రట్‌తో కలిపే ముక్క), కింది రెండు పెద్ద బోల్టులు, పైన మూడు నట్లు అన్నీ విప్పాలి. ఆ తరువాత స్ప్రింగును బిగించి నొక్కిపెట్టి మరీ తీయాలి.

మా 100లో ముందు స్ట్రట్లు రెండింటికీ 38, వెనుక షాకబ్జార్బర్లు రెండింటికీ 18 అయింది. మౌంట్లు, బేరింగులు, బంప్ స్టాపర్లు (స్ట్రట్ చివరిదాకా నొక్కుకున్నప్పుడు దెబ్బ కాచే ముక్కలు), దుమ్ము పడకుండా రాడ్డు మీద తొడిగే బూట్లు, స్ప్రింగు కింద వేసే రబ్బర్లు అన్నీ కలిపి 15. స్టెబిలైజర్ లింకులకు 5, కొత్త నట్లకు 1, కూలికి 18, వీల్ అలైన్‌మెంట్‌కు 5. అంటే అందరూ ధర కనుక్కునే ఆ నాలుగు గొట్టాల విలువ మొత్తం బిల్లులో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే. ఫోన్‌లో స్ట్రట్ ధర అడిగి, దాన్ని రెండింతలు చేసుకుని, ఇంతే ఖర్చవుతుందని అనుకుని బయలుదేరేవారు కౌంటర్ దగ్గర ఉలిక్కిపడేది ఇందుకే.

ఆ 15 గురించి కొంచెం ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే తగ్గించాలనుకునేవారు ముందుగా కోత పెట్టేది దాని మీదే, కోయకూడనిదీ అదే. పని జరిగేటప్పుడు నేను పక్కనే నిలబడి చూశాను. మెకానిక్ పాత స్ట్రట్‌ను బల్ల మీద పట్టుకొయ్యకు బిగించి, స్ప్రింగుకు రెండు వైపులా కంప్రెసర్ కొక్కేలు తగిలించి, ఇటు కొన్ని తిప్పులు, అటు కొన్ని తిప్పులు చొప్పున సమానంగా బిగించుకుంటూ వచ్చాడు. నొక్కుకుపోయిన స్ప్రింగు జారితే మనిషి ప్రాణానికే ముప్పు కాబట్టి ఆ పని ఇంట్లో ఎవరూ ప్రయత్నించవద్దని గట్టిగా చెబుతున్నాను. తల నట్టు తీయగానే మౌంట్ చేతికి వచ్చింది. దాని బేరింగ్‌ను నా అరచేతిలో పెట్టి, “మీరే తిప్పి చూడండి సార్” అన్నాడు. తిప్పితే ఇసుక నలిగినట్టు గరగరలాడుతూ, ఒకచోట పట్టేసి, మళ్లీ వదిలింది. స్టీరింగ్ తిప్పి వదిలినప్పుడు చక్రాలు పూర్తిగా వెనక్కి రాకపోవడానికి కారణం అదేనని అప్పుడు అర్థమైంది. ఆ బేరింగ్‌నే మళ్లీ వేసి ఉంటే, ఆరు నెలలకో ఏడాదికో దాని కోసం ఇదే స్ట్రట్ మళ్లీ దించాలి, ఇదే స్ప్రింగు మళ్లీ నొక్కాలి, ఇదే కూలి మళ్లీ కట్టాలి, అలైన్‌మెంట్ కూడా మళ్లీ చేయించాలి. చినిగిన బూటును అలాగే ఉంచితే దుమ్ము రాడ్డుకు పట్టి కొత్త సీలును కోసేస్తుంది. బంప్ స్టాపర్ పొడి పొడిగా రాలిపోయి ఉంటే పెద్ద గుంత తగిలిన ప్రతిసారీ దెబ్బ నేరుగా స్ట్రట్ లోపలికే తగులుతుంది.

అదే బల్ల మీద పాత స్ట్రట్ రాడ్డును నొక్కి చూపించాడు. సగం దూరం ఏ అడ్డూ లేకుండా దిగిపోయి, అక్కడ నూనె తగిలినట్టుంది, ఒక్కసారి బరువెక్కింది. వదిలితే ఉన్నచోటే ఉండిపోయింది. తరువాత కొత్తదాని పట్టీ కోశాడు. రాడ్డు ఎవరూ లాగకుండానే, ఒకే వేగంతో, నిదానంగా పైకి లేచి నిలబడింది. లోపల నింపిన నైట్రోజన్ వాయువు ఒత్తిడి వల్ల అలా లేస్తుంది. దాన్ని నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా నొక్కి వదిలిన తరువాతే స్ప్రింగులోకి దించాడు. పడుకోబెట్టి రవాణా చేసినప్పుడు ఒకదానిలో ఒకటి రెండు గొట్టాలుండే షాకబ్జార్బర్‌లో వాయువు పిస్టన్ ఆడే గదిలోకి చేరుతుంది, అది బయటికి పోవడానికి ఇలా చేస్తారు. రాడ్డును పట్టకారుతో పట్టుకోకపోవడం కూడా గమనించాను. ఆ మెరుపు పూత మీద ఒక్క గీత పడినా సీలు చినగడానికి అది చాలు. ఇలాంటివి బిల్లులో పద్దులుగా కనిపించవు, కానీ కూలి కింద రాసిన 18 ఈ జాగ్రత్తకే నేను ఇష్టపూర్వకంగా కట్టాను.

కూలి లెక్క గంటల మీద ఆధారపడుతుంది. మా కారుకు ముందు భాగం మూడు గంటలు, వెనుక భాగం గంట పట్టింది. ఉప్పుగాలి తగిలే చోట్ల, మంచు కురిసే దేశాల్లో రోడ్ల మీద ఉప్పు చల్లే చోట్ల తిరిగిన కార్లకు బోల్టులు తుప్పుపట్టి ఊడిరావు కాబట్టి సమయం, దానితో పాటు కూలి పెరుగుతాయి. కూలి తగ్గించే దారి ఒకటుంది: స్ప్రింగు, మౌంట్, బేరింగ్ అన్నీ అమర్చి సిద్ధంగా అమ్మే పూర్తి స్ట్రట్ సెట్లు. వాటికి స్ప్రింగు నొక్కే పని ఉండదు, పాతది దించి కొత్తది ఎక్కించడమే. సామాను ధర ఎక్కువ, కూలి తక్కువ. పాత స్ప్రింగులు కూడా కుంగిపోయి ఉంటే ఈ లెక్క కలిసివస్తుంది. మా కారు స్ప్రింగుల ఎత్తు కొలిచి చూస్తే రెండు వైపులా సమానంగా, ఉండవలసినంతే ఉంది. బాగున్న స్ప్రింగులను తీసేసి, నాణ్యత ఎలాంటిదో తెలియని కొత్త స్ప్రింగులు పెట్టించుకోవడం మాకు నచ్చలేదు.

సామాను ఎవరిదన్నది మరో పెద్ద తేడా. కార్ల కంపెనీలు షాకబ్జార్బర్లను చాలావరకు తాము చేయవు. కేవైబీ, మన్రో, సాక్స్, గాబ్రియేల్, బిల్‌స్టీన్ వంటి పేర్లతో వాటినే తయారుచేసే సంస్థల నుంచి కొంటాయి. మా పాత స్ట్రట్ ఒంటి మీద దుమ్ము తుడిస్తే కారు కంపెనీ గుర్తు పక్కనే తయారీదారు గుర్తు కూడా కనిపించింది. అదే తయారీదారు సొంత పెట్టెలో అమ్మే స్ట్రట్, కారు కంపెనీ పెట్టెలో అమ్మేదానికంటే చెప్పుకోదగినంత చవకగా దొరికింది, మేము అదే తీసుకున్నాం. పార్ట్ నంబరు కారు మోడల్‌కూ, తయారైన సంవత్సరానికీ, ఇంజిన్ రకానికీ సరిపోయిందో లేదో మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. డీజిల్ ఇంజిన్ బరువెక్కువ కాబట్టి ఒకే మోడల్‌లో కూడా పెట్రోలుకు ఒక స్ట్రట్, డీజిల్‌కు మరొకటి ఉండవచ్చు. గట్టిగా ఉండే స్పోర్ట్స్ రకాల వైపు మొగ్గవలసిన అవసరం రోజువారీ ప్రయాణానికి లేదు. ధరా ఎక్కువే, కుదుపూ ఎక్కువే. విద్యుత్తుతో గట్టిదనం మారే షాకబ్జార్బర్లు, గాలి బెలూన్ల సస్పెన్షన్ ఉన్న కార్ల లెక్క పూర్తిగా వేరు. అక్కడ ఒక్క చక్రం సామాను ధరే మా మొత్తం బిల్లును దాటిపోవచ్చు.

ఇక 170 ఎస్టిమేట్ సంగతి. అందులో నాలుగు స్ప్రింగులు, రెండు లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింది వైపు కారు చట్రానికి కలిపే చేతులు), నాలుగు చక్రాల బ్యాలెన్సింగ్ కలిపారు, సామానంతా కారు కంపెనీ పెట్టెలోదే. లోయర్ ఆర్మ్‌లను, వాటి కీళ్ల దగ్గరి రబ్బరు బుష్‌లను ఎందుకు మార్చాలో చూపించమని అడిగితే, ఇన్ని కిలోమీటర్లు తిరిగిన కారుకు మార్చడం మంచిదన్నారే గాని, కారు ఎత్తి చూపించలేదు. మాకు పని చేసిన వర్క్‌షాప్ అదే బుష్‌ల మధ్య గునపం పెట్టి వంచి చూపించింది. పగుళ్లు లేవు, ఆడటం లేదు. 60 ఎస్టిమేట్‌లో స్ట్రట్లు, షాకబ్జార్బర్లు, కూలి ఉన్నాయి. మౌంట్లు లేవు, బేరింగులు లేవు, అలైన్‌మెంట్ లేదు. పాతవి బాగానే ఉంటాయి, అవే వేసేద్దామన్నారు, అప్పటికి వాటిని విప్పి చూసినవారెవరూ లేరు. ఈ ధరకు ఇంకా వదిలేసినవి కలుపుకుంటే అదీ 80 దాటుతుంది. మిగిలిన తేడా సామాను తయారీదారులో ఉంది, దాని మీద వారంటీ కాగితం అడిగితే దుకాణం తరఫున నోటి మాటే హామీ అన్నారు.

కారుతున్నది ఎడమ పక్కది ఒక్కటే కదా, దాన్నే మారిస్తే సగం ఖర్చు మిగులుతుంది కదా అని నేనూ అడిగాను. ఒకే ఇరుసు మీద ఒక పక్క కొత్తది, ఒక పక్క అరిగినది ఉంటే బ్రేకు వేసినప్పుడూ మలుపులోనూ రెండు చక్రాలు నేలను వేర్వేరుగా పట్టుకుంటాయి, కారు ఒక పక్కకు లాగుతుంది. అందుకే ఎప్పుడూ జతగా మార్చాలి. ముందు జత, వెనుక జత రెండూ ఒకేసారి మార్చాలన్న నియమం లేదు. వెనుకవి బాగుంటే ఆ 18నీ, దానికి తగిన కూలినీ మరుసటి ఏడాదికి నిరభ్యంతరంగా వాయిదా వేయవచ్చు. మావి వెనుకవి కూడా నీరసించి ఉన్నాయి గనుకే మార్పించాం.

అలైన్‌మెంట్ మీద పెట్టిన 5 గురించి వాదనే అక్కర్లేదు. స్ట్రట్ చక్రాన్ని నిలబెట్టే స్తంభం లాంటిది, దాన్ని కదిపాక చక్రం కోణాలు పాత చోట ఉండవు. వర్క్‌షాప్‌వారు చేసి పెట్టారు గాని, మునుపటి కొలతలు, తరువాతి కొలతలు ఉన్న కాగితం మాత్రం నేను అడిగేదాకా ఇవ్వలేదు. అడగకుండానే ఇవ్వవలసిన కాగితం అది. మా కారుకు ముందు చక్రాల టో (చక్రం ముందు అంచు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) రెండు వైపులా హద్దు దాటి ఉన్నట్టు అందులో కనిపించింది. ఆ స్థితిలో వదిలేసి ఉంటే కొత్త టైర్లు కూడా ఏడాది తిరగకుండానే అరిగిపోయేవి.

నచ్చిన మరో పని వెనుక షాకబ్జార్బర్ కింది బోల్టు బిగించిన తీరు. కారు లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టు ఎక్కించి వదిలేశారు; కారును దించి, బరువు చక్రాల మీద పడిన తరువాతే బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో పూర్తిగా బిగించారు. వేలాడుతుండగానే బిగిస్తే రబ్బరు బుష్ ఆ స్థితిలోనే పట్టుబడి, కారు దించగానే మెలిపడి, ఎప్పుడూ ఆ మెలికతోనే తిరుగుతూ త్వరగా చినుగుతుంది. తొందరలో చాలామంది వదిలేసే జాగ్రత్త ఇది.

లోపం తొమ్మిదో రోజున బయటపడింది. చిన్న గుంతల మీద ఎడమ ముందు వైపు నుంచి టక్ టక్ మని శబ్దం మొదలైంది. తీసుకెళితే, కొత్త స్టెబిలైజర్ లింక్ కింది నట్టు సరిగా బిగించలేదని తేలింది. సూపర్‌వైజర్ సాకులు చెప్పకుండా తమ తప్పేనని ఒప్పుకుని, కుడి వైపుది కూడా తన ఎదుటే రెంచ్ పెట్టించి చూసి, పైసా అడగకుండా పంపించారు. పది నిమిషాల పని. అయినా చక్రం దగ్గరి నట్టు విషయంలో జరిగిన అశ్రద్ధను నేను చిన్నదిగా చూడను. కారు అప్పగించే ముందు నట్లన్నీ మరోసారి చూసి, చూసినట్టు పెయింట్ చుక్క పెట్టే అలవాటు వారికి ఉండి ఉంటే నాకు ఆ తొమ్మిది రోజుల ఆందోళన తప్పేది. వారంటీ కాగితం మీద సామానుకు రెండేళ్లు, కూలికి ఆరు నెలలు అని విడివిడిగా రాయించుకున్నాను. ఈ రెండూ వేరని తెలియక, సామాను ఉచితంగా వచ్చినా విప్పి బిగించిన కూలి మళ్లీ కట్టవలసి వచ్చినవారిని చూశాను. ఓడోమీటర్ అంకె కూడా అదే కాగితం మీద వేయించాను.

ఇప్పటికి 6,000 కిలోమీటర్లు నడిపాం. బ్రేకు తొక్కితే ముక్కు వంగడం లేదు, స్పీడ్ బ్రేకర్ దాటగానే ఒక్క ఊపుతో కారు కుదుటపడుతోంది, స్టీరింగ్ వదిలితే తనంతట తాను నడిమికి వస్తోంది, తడి రోడ్డు మీద మలుపు తిరిగేటప్పుడు చక్రాలు నేల మీదే ఉన్నాయన్న భరోసా కలుగుతోంది. మళ్లీ అవసరం పడితే ఈ వర్క్‌షాప్‌కే వెళతాను, నట్లు మాత్రం నా ఎదుటే చూపించమంటాను.

పోనిది ఒకటే, టైర్ల హోరు. మిట్టపల్లాలుగా అరిగిన రబ్బరు కొత్త స్ట్రట్లు వచ్చినంత మాత్రాన చదునవదు. కారు ఊగడం మొదలైన నెలల్లోనే చూపించి ఉంటే ఆ రెండు టైర్లు ఇంకో 15,000 కిలోమీటర్లైనా వచ్చేవని టైర్ల దుకాణంలో చెప్పారు. మా 100లో ఆ ఖర్చు కలవలేదు. ప్రస్తుతానికి వాటిని వెనుక చక్రాలకు వేయించి నడుపుతున్నాం, వానలు మొదలయ్యేలోగా కొత్తవి కొంటాం.